పంచదార సీసాలు: ఇంటి అచ్చులతో పోయు విధము



ఎరువులను గూర్చియు, విత్తనములను గూర్చియు, తెగుళ్లను గూర్చియు ఈ పత్రికలో వ్రాయుట నాకు వాడుక. ఈ నెల మాత్రము పంచదారతో గాజుసీసా వంటి సీసాను చేయు విధమును వ్రాయుచున్నాను. ఇది పిల్లల యాట యని మీకు తోచవచ్చును. కాని నన్నీ పనికి పురికొల్పినది ఆట కాదు, ఒక యువకుని తలకు తగిలిన గాయము. పని ముగిసిన పిమ్మట విచారింపగా, మన బెల్లపు పెనములలో ఏటేట జరుగు నష్టమునకు కారణము కూడ ఆ సీసాలోనే నాకు కనబడినది. కావున రెండు సంగతులను వరుసగా మనవి చేయుదును.

గాయపు సంగతి

అనకాపల్లి ప్రాంతమున నేను పనిచేయు గ్రామములలో ఒకదానియందు సంక్రాంతికి యువకులు నాటకమాడుట ఆచారము. టిక్కెట్ల మీద వచ్చిన సొమ్ము గ్రామపు చదువుల గదికి చెందును. ఒక యేడు వారు త్రాగుడువలని చెరుపును గూర్చి నాటకము వేసిరి. అందు త్రాగుబోతు బావ, తనకు బుద్ధి చెప్పవచ్చిన బావమరదిని సీసాతో కొట్టవలెను. సీసాను తలపాగాకు ఆనించి తీసివేయుటకే వారు సాధన చేసియుండిరి. కాని రంగస్థలము మీద వేడి వేరు, సాధనలోని వేడి వేరు. సీసా గట్టిగా తగిలి పగిలెను. బావమరది వేషము వేసిన కుఱ్ఱవాడు నుదుట నెత్తురుతో కూలబడెను. ప్రేక్షకులు అదియు నటనయే యనుకొని చప్పట్లు కొట్టిరి. అతని తల్లి మాత్రము మొదటి వరుసనుండి లేచి పరుగెత్తెను. నుదుట ఆరు కుట్లు పడినవి. కన్ను తప్పినది వ్రేలెడు దూరములో.

మరుసటి యేడు పెద్దలు నాటకమే వలదనిరి. తల్లి తన కుమారుని మరల వేదిక యెక్కనీయనని ఒట్టు పెట్టుకొనెను. యువకులు చిన్నబోయిరి. అప్పుడు మన సంఘపు కార్యదర్శి నాయొద్దకు వచ్చి, “ఏమండీ, రైతుకు పనికివచ్చేవన్నీ చేసి చూపిస్తారు గదా, పగిలినా తల పగలని సీసా ఒకటి చేసి చూపించలేరా?” అని యడిగెను.

సినిమాలలో నటుల తలలమీద సీసాలు పగులుట మీరందరు చూచియే యుందురు. వెనుకటి కాలమున అట్టి సీసాలను పంచదారతోనే చేయువారు. దీపముల వేడికిని, గాలిలోని తేమకును అవి మెత్తబడుచుండుటచేత పిదప వానికి బదులు కృత్రిమమైన రెసిన్లు వచ్చినవి. మనకు రెసిన్లు అక్కరలేదు. పంచదార మన యింటి వస్తువు, పాకము మన యాడువారి విద్య. ఇంక కావలసినది అచ్చు ఒక్కటే. ఇట్లనుకొని పనికి పూనుకొంటిని.

చిలకకును సీసాకును భేదము

పంచదారను అచ్చున పోయుట మనకు క్రొత్త కాదు. పెండ్లి సారెలో పంచదార చిలకలు లేనిదే వియ్యపురాలికి తృప్తి లేదు. తెలంగాణమున హోలీ పండుగకు చక్కెర పేర్లు పోసి పిల్లల మెడలో వేయుదురు. కన్నడదేశమున సంక్రాంతికి నువ్వులు బెల్లముతోపాటు చక్కెర అచ్చులను పంచిపెట్టుదురు. ఈ మూడు చోట్లను పని యొక్కటే: పాకము కాచి, కొయ్య అచ్చులలో పోసి, ఆరిన పిదప ఊడదీయుట. కావున ఆ గ్రామమున చిలకలు పోయు వృద్ధురాలి యింటికే మొదట వెళ్లితిని.

ఆమె పనిని పూర్తిగా చూచితిని. పంచదారను నీటిలో కరిగించి, కొంచెము పాలు పోసి, తేలిన మలినమును తీసివేసెను. పాకము ముదిరిన వెంటనే గరిటెతో అంచులకు రాచి రాచి కలిపెను. తేటగానున్న పాకము తెల్లబడుట మొదలుపెట్టగనే, నీట నానిన టేకు అచ్చులలో పోసెను. కొంతసేపటికి అచ్చు విప్పగా చిలక తెల్లగా, గట్టిగా ఊడి వచ్చినది. దానిని విరిచిచూచిన లోపల సన్నని రవ్వ కనబడును. వెలుతురు దానిగుండ పోదు.

సీసాకు కావలసినది ఇందుకు సరిగా వ్యతిరేకము. వెలుతురు దానిగుండ పోవలెను, రవ్వ యుండరాదు. పదార్థము మాత్రము ఆ పంచదారయే.

ఈ భేదమునకు కారణమును మన పొలపు భాషలో చెప్పెదను. పంచదారలోని యణువులు వరుసనాట్లవంటివి. పాకము చల్లారునప్పుడు వానికి వీలు దొరికినచో ఒకదాని ప్రక్క నొకటి తీరుగా, వరుస తప్పక చేరి పలుకు కట్టును. గరిటెతో రాచుట వలన తొలి వరుస పడును, మిగిలినవి దాని ననుసరించును. పటికబెల్లము, రవ్వ పంచదార, చిలక, ఇవన్నియు వరుస కట్టిన పంచదారయే. వరుస కట్టనీయక, ఉన్న యణువు ఉన్నచోటనే నిలిచిపోవునట్లు పాకమును బాగుగా ముదురబెట్టి కదపక చల్లార్చినచో, అది వెదజల్లిన చేనువలె చెదరియే గట్టిపడును. అట్లు వరుస లేక గట్టిపడిన పదార్థమును శాస్త్రజ్ఞులు గాజు అందురు. ఇసుకతో చేసిన గాజును ఈ విధముగనే గట్టిపడినది.

వరుస కట్టకుండ చేయుటకు రెండు ఉపాయములు కలవు. మొదటిది, పాకములో నీరు నూటికి ఒక పాలు మాత్రమే మిగులునంతవరకు కాచుట. రెండవది, నాటులో వేఱు మొక్కను చొప్పించినట్లు, పంచదార కాని మఱియొక చక్కెరను కొంత కలుపుట. లిక్విడ్ గ్లూకోజు అట్టిది. అది దొరకనిచో నిమ్మరసము చాలును. పులుపును వేడియు కలసి పంచదారలో కొంత భాగమును చీల్చి గ్లూకోజు, ఫ్రక్టోజు అను రెండు చక్కెరలుగా చేయును. ఈ చీలిన చక్కెర నడుమ నిలిచి పంచదారను వరుస కట్టనీయదు. ఈ మాటను మఱువకుడు. బెల్లపు సంగతి వచ్చునప్పుడు మరల దీనియొద్దకు రావలసియున్నది.

తప్పిన రెండు ప్రయత్నములు

గ్రామపు వడ్రంగిచేత టేకు దిమ్మలు రెండింటిలో సగము సగముగా సీసా ఆకారమును తొలిపించితిని. రెండు దిమ్మలను చేర్చి త్రాటితో కట్టినచో లోపల నిండు సీసా ఆకారము ఏర్పడును. ఆ దిమ్మలను ఎండిన వానినిగనే వాడబోగా వృద్ధురాలు నన్నాపి, “ఏటి బాబూ, అచ్చు నానబెట్టకుండా పాకం పోస్తే ఊడుతాదా?” అనెను. ఆమె యనుభవమును గౌరవించి రాత్రియంతయు నానబెట్టితిని. మరునాడు కాగిన పాకమును పోయగనే తడికొయ్యనుండి ఆవిరి చిమ్మెను. పాకమునిండ బుడగలు లేచెను. చల్లారిన పిదప సీసా అచ్చునకే అంటుకొని ముక్కలుగా వచ్చెను.

కారణము స్పష్టమే. చిలకల పాకము రమారమి 115 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉండును. సీసా పాకము 150 డిగ్రీల వేడిలో ఉండును. నీరు 100 డిగ్రీలకే ఆవిరియగును గదా! అంతియ కాక, చిలకకు మేలు చేయు తడియే గాజునకు జిగట పుట్టించును. వృద్ధురాలు ఆ ముక్కలను వెలుతురునకు పట్టి చూచి, “నా పాకం వేరు, నీ పాకం వేరు బాబూ. నాది తెల్లబడాల. నీది తెల్లబడకూడదు,” అనెను. నేను పై పేరాలలో చెప్పినదంతయు ఆమె ఒక్క మాటలో చెప్పినది.

రెండవ తప్పు నాదే. పలుకు కట్టునేమోయను భయముతో నిమ్మరసము ఎక్కువగా పిండితిని. సీసా తేటగనే వచ్చినది గాని సాయంకాలమునకు చెమర్చి, వ్రేళ్లకంటుకొని, తెల్లవారునప్పటికి మెడ వంగిపోయెను. దానిచుట్టు చీమలబారు తీరియుండెను. చీలిన చక్కెర హెచ్చినకొలది గాలిలోని తేమను లాగుకొనునని అప్పుడు కంటితో చూచితిని.

మూడవసారి కుదిరినది. ఆ విధమునే క్రింద వ్రాయుచున్నాను.

అచ్చును సిద్ధము చేయుట

అచ్చు రెండు విధములుగా చేసికొనవచ్చును.

కొయ్య అచ్చునకు బాగుగా ఎండిన టేకు గాని మరి యే గట్టి కొయ్య గాని వాడవలెను. తొలచిన చోట నున్నగా గీసి, గరుకు కాగితముతో రుద్దవలెను. లోపల ఎచ్చటను తిరుగుడు మలుపు లుండరాదు. ఉన్నచో సీసా చిక్కుకొని విరుగును. మెడ సన్నగా, పొట్ట లావుగానున్నను అచ్చు నిలువున రెండుగా విడిపోవును గనుక చిక్కు లేదు. పోయుటకు ముందు లోపలంతయు కొబ్బరినూనెగాని వేరుసెనగనూనెగాని పలుచగా పూసి, మిగులు నూనెను గుడ్డతో తుడువవలెను. అచ్చు ఏ మాత్రమును తడిగా నుండరాదు.

రెండవది సిలికోను అచ్చు. ఆహారమునకు తగిన సిలికోను నేడు పట్టణములలో దొరకుచున్నది. ఇది 200 డిగ్రీల వేడికిని ఓర్చును. ఒక డబ్బాలో నమూనా సీసాను నిలిపి, చుట్టును సిలికోను కలిపి పోసి, గట్టిపడిన పిదప ఒక ప్రక్క చాకుతో నిలువున కోసి సీసాను తీసివేయవలెను. ఆ కోతను మరల దగ్గరగా చేర్చి రబ్బరుపట్టీలతో బిగించిన అచ్చు సిద్ధమగును. దీనికి నూనె అంతగా అక్కరలేదు.

నమూనాకు గాజుసీసాయే యుండనక్కరలేదు. తరిణె పట్టిన కొయ్య సీసా మేలు. ఈ సందర్భమున మన యేటికొప్పాకను తలపకుండ ఉండలేను. ఆ గ్రామమున అంకుడు కొయ్యను తరిణెపట్టి లక్కబొమ్మలు చేయు నేర్పరులున్నారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గ్రామముననే చెరకు రైతులు 1933లో సహకార పద్ధతిని చక్కెర కర్మాగారమును నెలకొల్పుకొనిరి. కొయ్యపనియు చక్కెరపనియు ఒకే యూర పెరిగినవి. నమూనా సీసాను చేయించుకొనుటకు అంతకంటె తగిన చోటు నాకు తెలియదు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసిన అచ్చున పోసిన సీసాను నాటకమునకే వాడవలెను గాని తినరాదు. తినదలచిన సీసాకు శుభ్రమైన కొయ్యగాని ఆహారపు సిలికోనుగాని యుండవలెను.

పాకము

కావలసినవి: పంచదార ఒక కిలో, నీరు అర లీటరు, లిక్విడ్ గ్లూకోజు 300 గ్రాములు. గ్లూకోజు దొరకనిచో నిమ్మరసము రెండు చిన్న చెంచాలు, అంతకు మించరాదు. దళసరి యడుగు గల గిన్నె, పొడుగు కాడ గరిటె, 200 డిగ్రీలవరకు చూపు పాకపు ఉష్ణమాపకము కావలెను. జ్వరము చూచు ఉష్ణమాపకము ఇందుకు పనికిరాదు, వేడికి పగిలిపోవును. ఈ మోతాదుతో చిన్న సీసాలు రెండు మూడు వచ్చును.

మొదట పంచదారను, నీటిని సన్నని సెగమీద పెట్టి, పలుకు లేకుండ కరుగువరకు కలుపవలెను. కరిగిన పిదప గ్లూకోజు చేర్చి సెగ పెంచవలెను. మరుగుట మొదలిడినది మొదలు గరిటె పెట్టరాదు. గిన్నె అంచులకు అంటిన పలుకులను తడి కుంచెతో లోపలికి కడుగవలెను. ఒక్క పలుకు మిగిలినను అది తక్కిన పాకమును తన వరుసలోనికి లాగుకొనును.

పాకము పోవు దారి మన యాడువారికి తెలిసినదే. మొదట తీగపాకము, పిమ్మట ఉండపాకము, ఆ పిమ్మట గట్టి యుండ. ఆ దశ 130 డిగ్రీలలోపల ముగియును. ఇంకను కాచవలెను. 150 డిగ్రీలు చూపునప్పుడు సెగ ఆపవలెను. ఉష్ణమాపకము లేనివారు చల్లని నీరుగల పళ్లెములో ఒక చుక్క వేసి, దానిని తీసి పళ్లెమునకే వేసి కొట్టిచూడవలెను. ఠంగుమని మ్రోగి, విరిచిన పెళుక్కున విరిగి, నమిలిన పంటికంటనిచో పాకము కుదిరినది. పంటికంటినచో ఇంకను కాచవలెను. 160 డిగ్రీలు దాటినచో రంగు ఎఱ్ఱబడి మాడువాసన వచ్చును. సారాసీసావలె గోధుమరంగు కావలెనన్న ఈ గుణమునే ఉపయోగింపవచ్చును: తేనెరంగు తిరుగువరకు కాచి ఆపిన వేఱుగ రంగు అక్కరలేదు. పచ్చసీసాకు ఆహారపు రంగు నాలుగు చుక్కలు చివరలో వేయవలెను.

పోయుట

సెగ ఆపిన పిదప బుడగలు అణగువరకు రెండు నిమిషములు ఆగవలెను. దళసరి చేతితొడుగులు తొడిగికొని, అచ్చును బిగించి కట్టి, మూడవ వంతు నిండునట్లు పాకమును మెడనుండి సన్నని ధారగా పోయవలెను. వెంటనే అచ్చును పండబెట్టి, నెమ్మదిగా దొర్లించుచు, నడుమ నడుమ తలక్రిందులుగా వంచుచు, పాకము గోడలకంతటను పూతవలె పట్టునట్లు చేయవలెను. తలక్రిందు చేయునప్పుడు మెడకు నూనె పూసిన బిరడా నుంచవలెను. పాకము కదలుట మానునంతవరకు చేయి ఆపరాదు. ఆపినచో అది ఒక ప్రక్కకే దిగి అచ్చట దిమ్మవలె గట్టిపడును. మిగులు పాకము కదలుచున్నచో నూనె పూసిన పళ్లెములోనికి వంచివేయవలెను.

గోడ దళము రెండు మూడు మిల్లీమీటర్లకు మించరాదు. దళసరి సీసా రాతివంటిదే, దెబ్బ తగులును. పలుచగా నున్నదే చిట్లును.

అచ్చును గాలి తగులని చోట నిదానముగా చల్లార్చవలెను. చన్నీట ముంచినగాని, శీతలపు పెట్టెలో పెట్టినగాని చిట్లిపోవును. గోరువెచ్చగా నున్నప్పుడే కట్లు విప్పి, దిమ్మలను ఒకదానివెంట నొకటి మెల్లగా ఊడదీయవలెను. సీసాను పొడిచేతులతో పట్టి, గాలి చొరని డబ్బాలో నుంచి, ఆనాడే గాని మరునాడు గాని వాడవలెను. డబ్బాలో గుడ్డమూటగా కట్టిన కాల్చిన సున్నపురాయి నుంచినచో తేమను పీల్చును. సున్నము సీసాకు తగులరాదు. ఈ పనికి సంక్రాంతి దినములు అనుకూలము. వానకాలమున తలపెట్టకుండుట మేలు. సీసాలో నీరు పోయరాదని వేఱుగ చెప్పనక్కరలేదు గదా.

అపాయములు

ఈ భాగమును తప్పక చదువవలెనని ప్రార్థన.

మరుగు నీటికంటె ఈ పాకము ఎక్కువ వేడిగలది. నీరు జారిపోవును, పాకము చర్మమునకంటి అచ్చటనే కాలును. కావున పొయ్యి చుట్టుప్రక్కల పసిపిల్లలను రానీయరాదు. ప్రక్కనే చల్లని నీటి బాల్చీ నుంచుకొనవలెను. చేయి కాలినచో వెంటనే నీటిలో ముంచి, ఆ పిమ్మట చల్లని పారు నీటిక్రింద ఇరువది నిమిషములు పట్టవలెను. సిరాగాని, నేయిగాని, పళ్లపొడిగాని పూయరాదు. గాయము పెద్దదైనచో వైద్యుని చూడవలెను. కాగిన పాకములో నీరు పోసినచో చిమ్మి మీద పడును.

పంచదార సీసా పగిలినప్పుడు ముక్కలు వాడిగనే యుండును. గాజువలె లోతుగా దిగకున్నను గీరును. కాబట్టి ముఖముమీద ఎన్నడును కొట్టరాదు. తలపాగా గల తలమీదనో, అంగీగల భుజముమీదనో కొట్టవలెను. దెబ్బతినువాడు కండ్లు మూసికొనవలెను. పొట్టభాగముతోనే కొట్టవలెను గాని దళసరిగా నుండు అడుగుతో కొట్టరాదు. వేదికమీద వట్టికాళ్లతో నడచువారుండినచో ముక్కలను వెంటనే ఊడ్వవలెను. ఆ ముక్కలకు పిల్లలు ఎగబడుదురు. దుమ్ములో పడినదానిని తిననీయక, వారికై వేఱుగ పోసి యుంచిన ముక్కలను పంచుట మంచిది.

బెల్లపు పెనములో ఇదే ధర్మము

ఇంక మన వ్యవసాయపు సంగతికి వచ్చుచున్నాను.

నా రెండవ సీసా ఎందుచేత చెమర్చినది? పులుపు హెచ్చి పంచదార చీలిపోవుటచేత. మన బెల్లము కొన్ని యేండ్లు ఎందుచేత గట్టి దిమ్మ కట్టక, వానలు రాగానే నీరుకారును? సరిగా ఇందుచేతనే. సీసాకు కొద్దిపాటి చీలిన చక్కెర మేలు చేసినది. బెల్లమునకు అదియే హెచ్చినచో చేటు. బెల్లము పలుకు కట్టవలెను, అప్పుడే దిమ్మ గట్టిగా నిలిచి, తేమను తక్కువగా పీల్చి, బజారున ధర పలుకును.

చెరకులో నున్న పంచదార మనము కొట్టిన గడియనుండి చీలుట మొదలుపెట్టును. కొట్టిన చెరకును ఎండలో మూడు దినములు పడవేసి పిదప గానుగకు పంపినవాడు తన పొలములోనే నిమ్మరసము పిండినవానితో సమానుడు. బరువు తగ్గుటయే కాక బెల్లపు గుణమును చెడును. ముదరని చెరకును, తలమొవ్వును తీయని చెరకును, పడిపోయి వేళ్లు విడిచిన చెరకును ఆడినను ఇదియే ఫలము. పంట చివరలో నత్రజని ఎరువును దట్టించిన తోటలోను చీలిన చక్కెర హెచ్చును. అట్లే పుల్లబడిన రసమును, కడుగని రసపు తొట్టిలో నిలిచిన రసమును కాచినచో దిమ్మ కట్టదు.

కావున చేయవలసినదేమన: పండిన తోటనే కొట్టవలెను. కొట్టిన చెరకును 24 గంటలలోపల ఆడవలెను. తలమొవ్వును, ఎండుటాకును తీయవలెను. గానుగను, తొట్టిని దినదినము కడుగవలెను. రసములోని పులుపును అణచుటకు సున్నపుతేటను మితముగా వాడవలెను. మితము మించిన బెల్లము నల్లబడును. పెనమును రమారమి 118 డిగ్రీలు మొదలు 120 డిగ్రీలలోపల దింపి, చిలకలు పోయు ముసలమ్మవలె గరిటెతో రాచి రాచి పలుకు కట్టించి అచ్చులలో పోయవలెను. మన తాతలు పాకమును బెల్లపు తొట్టిలో త్రిప్పినది ఊరక కాదు.

అనకాపల్లి చెరకు పరిశోధన స్థానము 1913 నాటిది. నూరేండ్లకు పైబడి అచ్చటివారు మనకు చెప్పుచున్న మాటలలో ఈ మాట ముఖ్యమైనది. విన్న చెవి మఱచును గాని, చూచిన కన్ను మఱవదు. అందుచేత ఈ సంవత్సరము బెల్లపు కాలమునకు ముందు నా ప్రదర్శనములలో రెండు పంచదార సీసాలను పోసి, ఒకదానియందు నిమ్మరసము హెచ్చుగా వేసి, రెండింటిని మరునాటివరకు పందిట నిలుపుచున్నాను. ఒకటి గట్టిగా నిలుచును. రెండవది చెమర్చి వంగును. దానిని చూపి, “ఇది మూడు దినములు నిలువయున్న చెరకు బెల్లము” అని చెప్పుచున్నాను. అంతకంటె ఎక్కువ ఉపన్యాసము అవసరము లేకపోయినది.

నాటకము

మూడవ సీసాను డబ్బాలో పెట్టుకొని గ్రామ పెద్దలయొద్దకు వెళ్లితిని. గాయపడిన కుఱ్ఱవాని తల్లియు వచ్చి గుమ్మమునొద్ద నిలిచియుండెను. ఇది పంచదార, దెబ్బ తగులదు, అని నేను చెప్పుచుండగనే ఆమె నా మాట నాపి, “అయితే ముందు మీ నెత్తిన కొట్టించుకోండి బాబూ. అప్పుడు సూద్దాం,” అనెను.

ఆమె యడిగినది న్యాయమే. తన మడిలో వేయని విత్తనమును ఇరుగుపొరుగువారి మడిలో వేయుమని చెప్పుట ప్రదర్శకునికి తగదు. తలకు తువ్వాలు చుట్టుకొని, కండ్లు మూసికొని కూర్చుంటిని. ఎవరు కొట్టవలెనని పెద్దలు తటపటాయించుచుండగా ఆమెయే సీసా నందుకొనెను. ఛట్టుమని చప్పుడైనది. తువ్వాలుమీదనుండి తేనెరంగు ముక్కలు ఒడిలోనికి రాలినవి. నాకు మొట్టికాయ తగిలినంత నొప్పియు కలుగలేదు. ఆమె ఒక ముక్కను నోట వేసికొని కొంతసేపు చప్పరించి, “మాడువాసనొస్తంది,” అని మాత్రము అనెను. మరునాటి సాయంకాలము కుఱ్ఱవాడు సాధనకు వచ్చెను.

ఆ సంక్రాంతికి నాటకము జరిగినది. ఆ కుఱ్ఱవాడే బావమరది వేషము వేసెను. సీసా పగిలిన క్షణమున ప్రేక్షకులలో ఒక్కరును చప్పట్లు కొట్టలేదు. వెనుకటి సంగతి అందరికిని జ్ఞాపకమే. అతడు లేచి నిలిచి, తలపాగా దులుపుకొని, తన మాట తాను చెప్పిన పిదపనే చప్పట్లు మ్రోగినవి. తల్లి మొదటి వరుసలోనే కూర్చుండెను, ఈసారి లేవలేదు.

మన సంఘ గ్రామములలో నాటకములాడు యువకులు ఎందరో కలరు. గాజుసీసాను వేదిక యెక్కనీయకుడని వారికి నా మనవి. అచ్చు కావలసినవారు సంఘపు కార్యాలయమున అడిగినచో నాయొద్దనున్న టేకు దిమ్మలను ఎరువిచ్చెదను. తిరిగి యిచ్చునప్పుడు కడిగి, ఎండబెట్టి, నూనె రాచి యీయవలెను.